కొత్త మజ్రాలో మాల్టా జ్వరం

ఆ రోజు నేను తవ్విన గుంతలోంచి నేనే పైకి రాలేకపోయాను. ఖర్జూర పిలకలు నాటడానికి నడుము లోతు గుంతలు తీస్తున్నాం. గట్టు మీద రెండు అరచేతులూ ఆనించి ఒక్క ఎగురు ఎగిరి బయటికి రావడం నాకు అలవాటు. ఆ మధ్యాహ్నం చేతులు ఆనించాను కానీ ఒళ్ళు లేవలేదు. మళ్ళీ ప్రయత్నిస్తే మోచేతులు వణికాయి. పెద్ద ఎండ కూడా లేదు. ఫిబ్రవరి నెల, పొద్దునపూట స్వెటర్ వేసుకునే చలి. గుంతలోనే కూర్చుని, ఎవరైనా చూస్తున్నారేమోనని తల ఎత్తాను. ఎవరైనా చూస్తే పరువు పోతుందన్నదే అప్పుడు నా బెంగ.

పక్కనే నీళ్ళ పైపులు బిగిస్తున్న పోశెట్టి మామ చూడనే చూశాడు. "ఏందిరా అల్లుడా, మొక్కను పెట్టుమంటే నిన్ను నువ్వే నాటుకుంటున్నవా?" అని నవ్వి, చెయ్యందించి పైకి లాగాడు. నేనూ నవ్వేశాను. ఆ సాయంత్రమే మొదటిసారి చలిజ్వరం వచ్చింది.

నా పేరు భూమేశ్. మెట్‌పల్లి దగ్గర పల్లెటూరు మాది. సౌదీకి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మొదట్లో ఖఫ్జీ వైపు కన్‌స్ట్రక్షన్ పనులు చేశాను. తర్వాత బురైదాలో ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర తోటపనికి కుదిరాను. ఆయనకు ఊరికి దూరంగా కొత్తగా భూమి వచ్చింది. భూమి అంటే మట్టీ ఇసుకా తప్ప ఇంకేమీ లేదు. తారు రోడ్డు దిగాక గంటసేపు పికప్‌లో ఎగిరెగిరి పడితే గానీ చేరలేం. అక్కడ మజ్రా వెయ్యాలి, అంటే పొలమూ తోటా తయారు చెయ్యాలి. మొదటి జట్టుగా ఐదుగురం వెళ్ళాం. నేను, పోశెట్టి మామ, డ్రైవర్ మస్తాన్ భాయ్, మేకలు చూసుకునే బంగ్లాదేశ్ వాళ్ళిద్దరు.

పోశెట్టి మామది నిర్మల్ వైపు. యాభై ఐదు దాటిన మనిషి. బోరు మోటార్లు, పైపులు ఆయన పని. నాకు వరసకు ఏమీ కాడు. మొదటి రోజే నన్ను అల్లుడా అని పిలిచాడు, నేను మామా అన్నాను, అంతే. మస్తాన్ భాయ్‌ది కడప. వారానికోసారి బురైదా వెళ్ళి సరుకులు తెచ్చేవాడు.

అక్కడ మేము చేసినవన్నీ మొదటివే. మొదటి గుడారం మేమే వేశాం. నేల చదును చేశాం, గాలికి అడ్డంగా అథల్ చెట్ల కొమ్మలు వరసగా పాతాం. ఒక్క గాలిదుమారానికి అవన్నీ ఇసుకలో పూడిపోతే మళ్ళీ పాతాం. రిగ్గు వాళ్ళు వచ్చి వారాల తరబడి బోరు దింపారు. నీళ్ళు పడ్డ రోజు అవి వేడిగా, తుప్పు వాసనతో వచ్చాయి. అయినా బట్టలతోనే వాటి కింద నిలబడి కేకలు పెట్టాం. భూమి మాది కాదు, కాగితం మీద మా పేరు ఎక్కడా ఉండదు. అయినా ఆ నేల మీద మొట్టమొదట పొయ్యి ముట్టించింది నేనే అన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది. వంట నా వంతు. అందులోనే నేను దెబ్బ తిన్నాను కాబట్టి ఆ సంగతి వివరంగా చెప్పాలి.

మనవాళ్ళకు చివరి ముద్ద పెరుగుతో పడకపోతే తిన్నట్టే ఉండదు. పోశెట్టి మామ అయితే మరీ ఘోరం. ఎంత కూర వండినా "పెరుగు లేని బువ్వ బువ్వేనారా?" అని గొణిగేవాడు. అప్పటికి మాకు ఫ్రిజ్ లేదు. మస్తాన్ భాయ్ తెచ్చే కొట్టు పెరుగు రెండు రోజులకే పులిసిపోయేది. కఫీల్ మేకలు నలభై దాకా ఉన్నాయి. పాలు మీరు తాగొచ్చు అని ఆయనే చెప్పాడు. కొట్టు పెరుగులోంచి ఒక చెంచా తోడు తీసి దాచి, మేకపాలతో పెరుగు పెట్టడం మొదలుపెట్టాను.

మా అమ్మ పాలు కాచి, చల్లారబెట్టి, వేలు ముంచి చూసి గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసేది. ఇక్కడ పొయ్యి గుడారం బయట. గాలికి మంట నిలిచేది కాదు. లోపల వెలిగిస్తే గుడారం అంటుకుంటుందని భయం. సిలిండర్ అయిపోతే మస్తాన్ భాయ్ మళ్ళీ ఊరికి వెళ్ళేదాకా పస్తే. ఒక రోజు పాలగిన్నె పట్టుకుంటే వెచ్చగా తగిలింది. పిండిన పాలు ఎలాగూ గోరువెచ్చగానే ఉన్నాయి, ఇక కాచడం చల్లార్చడం ఎందుకు అనిపించింది. నేరుగా తోడు వేసి, గిన్నెను కంబళిలో చుట్టాను. తెల్లారేసరికి గట్టి పెరుగు. పెద్ద ఉపాయం కనిపెట్టానని పొంగిపోయాను. డిసెంబర్ నుంచి రోజూ అదే పెరుగు. బంగ్లాదేశ్ వాళ్ళు పులుపని ముట్టేవాళ్ళు కాదు. వాళ్ళు పాలు బాగా మరిగించి టీలోనే పోసుకునేవాళ్ళు. మస్తాన్ భాయ్ మజ్రాలో ఉన్న రోజు నాలుగు ముద్దలు తినేవాడు. గిన్నె ఖాళీ చేసేది నేనూ పోశెట్టి మామ.

గుంతలో కూలబడ్డ రోజు తర్వాత జ్వరం ఒక పద్ధతిగా రావడం మొదలైంది. పొద్దున ఏమీ ఉండదు, పనికి వెళ్తాను. అసర్ నమాజు వేళకు, అంటే పొద్దు వాలేసరికి, వెన్నులో చలి మొదలవుతుంది. కాసేపటికి ఒళ్ళు కాలుతుంది. పడుకున్నాక చెమట పట్టి కంబళి తడిసిపోతుంది. మోకాళ్ళు, భుజాలు, ఇవాళ ఇక్కడైతే రేపు అక్కడ నొప్పి. అన్నం సయించదు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. రెండు వారాల్లో బెల్టుకు కొత్త చిల్లు పొడిచాను.

మస్తాన్ భాయ్ నన్ను చూసి ఊరుకోలేదు. "ఏమబ్బీ, ఇట్ల సగమైనావు? పా, ఆస్పత్రికి పోదాం. నీ పని నువ్వు ల్యాకపోతే ఆగదులే" అని పికప్ ఎక్కించాడు. దారిలో ఉన్న చిన్న క్లినిక్‌లో ఈజిప్ట్ డాక్టర్ చూశాడు. పచ్చిపాలు తాగావా అని మొదట అడిగింది ఆయనే. లేదన్నాను. అబద్ధం కాదు. నా జన్మలో పచ్చిపాలు తాగలేదు, వాసనే పడదు. పెరుగు గురించి ఆయన అడగలేదు, నాకు తట్టలేదు. వైరల్ అన్నాడు. పనడాల్, ఐదు రోజుల యాంటిబయాటిక్ ఇచ్చాడు. వారం బాగున్నాను. తర్వాత అదే చలి.

మార్చి మొదట్లో కఫీల్ మజ్రా చూడటానికి వచ్చాడు. ఆయన ఎదుట నిలబడి మొక్కల లెక్క చెబుతున్నాను. చెమట గడ్డం మీంచి కారుతోంది. ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి "హుమ్మా మాల్టియా" అన్నాడు. మాల్టా జ్వరం అని అర్థం. మేకలూ ఒంటెలూ పెంచే ఆ ప్రాంతంలో అది అందరికీ తెలిసిన జబ్బే. ఆయనే తన కారులో బురైదా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ ఇన్‌ఫెక్షన్ డాక్టర్ పాకిస్తానీ. ఉర్దూలో మాట్లాడేవాడు కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చింది. సీబీసీ, ఈఎస్ఆర్, లివర్ టెస్టులు, బ్లడ్ కల్చర్, బ్రూసెల్లా టైటర్ అని ఐదారు సీసాల రక్తం తీశారు. మూడో రోజు రిపోర్ట్ పట్టుకుని పిలిచాడు. "బ్రూసెల్లోసిస్ హై. టైటర్ బహుత్ హై" అన్నాడు. కఫీల్ చెప్పిన మాల్టా జ్వరమే అది, రక్తంలో దాని లెక్క బాగా ఎక్కువగా ఉందట. పచ్చిపాలు తాగావా అని ఆయనా అడిగాడు. లేదన్నాను. ఆయన వదల్లేదు. పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తింటావో ఒక్కొక్కటే చెప్పు అన్నాడు. చెబుతూ చెబుతూ పెరుగు దగ్గరికి వచ్చాను.

"దహీ దుకాణ్ కా?"

"నహీ డాక్టర్ సాబ్, మై ఖుద్ బనాతా."

ఎలా చేస్తావు అన్నాడు. నా ఉపాయం అంతా ఉత్సాహంగా వివరించాను. ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "తో దూధ్ ఉబాలా కబ్?" అన్నాడు. మరి పాలు కాచింది ఎప్పుడు అని. కాచలేదన్నాను. తోడు వేసినంత మాత్రాన ఆ క్రిమి చావదని, కాచితేనే చస్తుందని నిదానంగా చెప్పాడు. మేకల ఈతలప్పుడు ఒట్టి చేతులతో పిల్లల్ని లాగావా అని కూడా అడిగాడు. ఒకటి రెండుసార్లు లాగాను. దాని వల్ల కూడా రావచ్చు అన్నాడు. ఆ మాట నాకు ఊరటగా తగిలింది. పెరుగు వల్ల కాకపోవచ్చు అని మనసులో గట్టిగా పట్టుకున్నాను.

తర్వాత ఆయన అడిగాడు, "ఔర్ కిస్ కిస్ నే ఖాయా?" ఇంకా ఎవరెవరు తిన్నారు అని.

"సిర్ఫ్ మై" అన్నాను. నేనొక్కణ్ణే తిన్నాను అని.

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. సిగ్గు ఒక కారణం. నా చేతి పెరుగు గురించి అంత గొప్పలు పోయి, అది విషమని ఏ మొహంతో చెప్పను? రెండోది భయం. అందరికీ జబ్బు అంటే కఫీల్ అందరినీ ఖురూజ్ కొట్టి ఇంటికి పంపేస్తాడని, కొత్త మజ్రా మూతపడుతుందని అనుకున్నాను. పోశెట్టి మామ వయసు మనిషి, ఒకసారి పంపితే మళ్ళీ వీసా రాదు. ఆయన బాగానే ఉన్నాడు కదా, లేని గొడవ ఎందుకు లేపాలి అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. గుడారానికి వెళ్ళి తోడు పారబోశాను. తోడు పాడైందని అందరికీ చెప్పాను. "అయ్యో, మల్ల బువ్వ ఎట్ల దిగుతదిరా?" అని పోశెట్టి మామ రెండు రోజులు అలిగాడు.

ఆరు వారాలకు మందులు రాశారు. డాక్సీసైక్లిన్ పూటకొకటి, రెండు పూటలా. రిఫాంపిసిన్ పరగడుపున. డాక్సీని పాలతో మింగొద్దు, మింగిన వెంటనే పడుకోవద్దు, ఎండలో తిరగొద్దు అన్నాడు డాక్టర్. ఎడారిలో ఎండ లేని చోటు ఎక్కడ ఉంటుంది? రిఫాంపిసిన్ వేసుకున్న మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వచ్చింది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే గుండె ఆగేది. పదో రోజుకు జ్వరం పోయింది. మూడో వారానికి ఆకలి వచ్చింది. మొహమూ ముంజేతులూ మాత్రం ఎండకు కాలి పొరలు పొరలుగా ఊడాయి.

నాలుగో వారంలో పివట్ వచ్చింది. గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లే పెద్ద యంత్రం అది. దాన్ని బిగించాక కింద బర్సీం గడ్డి విత్తాలి. అది మొలిస్తేనే మజ్రా నిలిచినట్టు. అందరూ ఎండలో ఉంటే నేనొక్కణ్ణే నీడలో ఎలా కూర్చోను? జ్వరం లేదు, నొప్పి లేదు. మాత్రలు వేసుకుంటే ఎండ పడదు, మానేస్తే పని చెయ్యగలను. మిగిలినవి సంచిలో పడేసి ఎండలోకి దిగాను. నన్ను ఇంత తెలివైనవాణ్ణిగా పుట్టించిన దేవుడికి దండం పెట్టాలి.

బర్సీం మొలిచింది. ఆ ఇసుకలో మొదటి పచ్చదనం చూసి మస్తాన్ భాయ్ ఫోన్‌లో అందరికీ ఫోటోలు పంపాడు. మే నెల మొదట్లో ఒక పైపు ఎత్తబోతుంటే నడుం కింద పట్టేసింది. పని నొప్పి అనుకుని బామ్ రాసుకున్నాను. వారానికి మంచం మీద పక్కకు తిరగలేకపోయాను. ఎడమ కాలు తిమ్మిరెక్కేది, బొటనవేలు నాది కానట్టు ఉండేది. అసర్ వేళకు చలి మళ్ళీ మొదలైంది.

ఈసారి పికప్ వెనక పరుపు వేసి తీసుకెళ్ళారు. ఎంఆర్ఐ తీశారు. వెన్నులో ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ మధ్య డిస్కులోకి ఇన్‌ఫెక్షన్ పోయిందన్నారు. స్పాండిలైటిస్ అన్నారు. అదే పాకిస్తానీ డాక్టర్ సినిమా రీలులాంటి ఫిల్మును వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు.

"గోలీ బంద్ కిస్ నే కీ?" అన్నాడు. మాత్రలు ఎవరు ఆపారు అని.

"మై నే."

ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. ఇప్పుడు ఆరు వారాలు కాదు, తక్కువలో తక్కువ మూడు నెలలు అన్నాడు. పైగా మూడు వారాలు ఇంజెక్షన్లు. చీము చేరి నరం మీద ఒత్తితే ఆపరేషన్ తప్పదు, అప్పుడు కాలు ఎంతవరకు వస్తుందో చెప్పలేను అన్నాడు. ఆ మాట విన్నాక నాకు మజ్రా గుర్తు లేదు, పివట్ గుర్తు లేదు. దుప్పటి కింద బొటనవేలు కదుపుతూ కూర్చున్నాను. అది కదిలింది.

కఫీల్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఇంటికి వెళ్ళి అక్కడ వైద్యం చేయించుకో, టికెట్ నేను తీస్తాను అన్నాడు. చెడ్డ మనసుతో అన్నది కాదు. నేను ఒప్పుకోలేదు. ఈ జబ్బును ఇక్కడి డాక్టర్లు రోజూ చూస్తారు. అక్కడికి వెళ్తే మొదటి నుంచి మళ్ళీ వెతుక్కోవాలి, వెన్నులో క్షయ అని వేరే మందులు మొదలుపెట్టినా పెడతారు. అదీ కాక, వీల్‌చైర్‌లో విమానం దిగి నా భార్య సుజాతకు కనిపించడం నాకు ఇష్టం లేదు. నడిచే వెళ్తాను, అప్పటిదాకా కదలను అని మస్తాన్ భాయ్ చేత అరబ్బీలో చెప్పించాను. కఫీల్ కాసేపు చూసి, సరే, మూడు నెలలు చూద్దాం అన్నాడు.

సుజాతకు ఫోన్ చేసి నెమ్మదిగా విషయం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "ముందుగాల నిజం చెప్పు, కాళ్ళు ఆడుతున్నయా?" అంది.

"ఆడుతున్నయ్."

"మరి గోళీలు బంద్ చెయ్యుమని ఎవలు చెప్పిన్రు నీకు? ఈసారి దినాం రెండు పూటలు గోళీ నోట్లె ఏసుకునేటప్పుడు నాకు వీడియో చెయ్యాలె. మింగేది నేను చూడాలె."

చెప్పినట్టే మూడు నెలలూ చూసింది. నాలుక ఎత్తి చూపించమనేది.

ఆస్పత్రిలో ఐదో రోజు పోశెట్టి మామ, మస్తాన్ భాయ్ నన్ను చూడటానికి వచ్చారు. పోశెట్టి మామ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఏసీ గదిలో ఆయన చొక్కా చంకల కింద, వీపు మీద తడిసి ఉంది. కమలాలు వలిచి నాకు పెట్టాడు. వెళ్ళడానికి లేవబోయి లేవలేకపోయాడు. కుడి తుంటి మీద చెయ్యి వేసుకుని "ముసలోణ్ణి అయితున్నరా అల్లుడా" అని నవ్వబోయాడు.

ఆ నొప్పిని, ఆ చెమటను నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? అవి నావే కదా.

"మామా, కూసో" అన్నాను. "నీకు సాయంత్రం జరం అస్తుందా?"

ఆయన మస్తాన్ భాయ్ వంక చూశాడు. "రెండు నెలల సంది అస్తుంది పోతుంది. చెప్తే నన్ను సుత ఇంటికి పంపిస్తరని చెప్పలే. పోరీ కాలేజీ ఫీజు ఉండె" అన్నాడు.

అప్పుడు చెప్పాను. పెరుగు సంగతి, కాచని పాలు, డాక్టర్ అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. మాటలు తడబడ్డాయి కానీ ఒక్కటీ దాచలేదు. మస్తాన్ భాయ్‌కి మొహం ఎర్రబడింది. "మార్చి నెల్లో తెలిసిన మాట ఇయ్యాల సెప్తావా అబ్బీ? నీ నోట్లో ఏం పెట్టుకోనుండావు ఇంతకాలం?" అన్నాడు. పోశెట్టి మామ మాత్రం కమలా తొక్కలు ఏరి కవర్లో వేస్తూ ఉన్నాడు.

నర్సును పిలిపించి, డాక్టర్‌ను రమ్మన్నాను. మీరు ఆ రోజు అడిగారు కదా, ఇంకెవరు తిన్నారని, నేను అబద్ధం చెప్పాను, ఇదిగో ఈయన తిన్నాడు, ఈయన కూడా కొంచెం తిన్నాడు అని చూపించాను. డాక్టర్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచాడు. ఇద్దరికీ అప్పుడే రక్తం తీయించాడు. బంగ్లాదేశ్ వాళ్ళను కూడా మర్నాడు పిలిపించాడు. రోజూ మేకలతో ఉండే వాళ్ళిద్దరికీ ఏమీ లేదు. మస్తాన్ భాయ్‌కి లేదు. మేకల వాసన పడక దొడ్డి దరిదాపుల్లోకి కూడా వెళ్ళని పోశెట్టి మామకు ఉంది. ఈతల వల్ల వచ్చి ఉంటుందని నేను ఇన్నాళ్ళు పట్టుకున్న మాట అక్కడితో పోయింది. ఆయన తుంటి కీలు అప్పటికే బాగా దెబ్బతిందని ఎంఆర్ఐలో తేలింది.

కఫీల్ పెరుగు గురించి ఒక్క మాట అనలేదు. ఇన్ని రోజులు ఇద్దరూ దాచారని మాత్రం అరిచాడు. పశువుల డాక్టర్‌ను పిలిపించి మేకలన్నిటికీ పరీక్షలు చేయించాడు, జబ్బు ఉన్నవాటిని వేరు చేసి తీసేయించాడు. మా ఇద్దరి మందులకూ ఏ అడ్డూ పెట్టలేదు. నేను భయపడ్డట్టు మజ్రా మూతపడలేదు, ఎవరినీ ఖురూజ్ కొట్టలేదు.

తర్వాతి మూడు నెలల్లో, నా జీవితంలో నేను చేసిన అన్ని పనుల కంటే కష్టమైన పని పడుకోవడం. ఇంజెక్షన్లు అయ్యాక మజ్రాకు కొత్తగా తెచ్చిన పోర్టా కేబిన్‌లో మంచం వేశారు. నడుముకు బెల్టు. మస్తాన్ భాయ్ తెల్లవారుజామున ఫజర్ నమాజుకు, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజుకు చాప పరిచినప్పుడు నేను మాత్ర చేతిలోకి తీసుకునేవాణ్ణి. నాతో పది రోజులు మాట్లాడకుండానే ఆయన చాప పరిచేముందు నీళ్ళ సీసా నా పక్కన పెట్టేవాడు. ఒక వారం లివర్ టెస్టులు పెరిగి రిఫాంపిసిన్ ఆపారు. ఆ వారం తిమ్మిరి మళ్ళీ వచ్చింది. ఇక ఇంతే అనుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాను. మర్నాడు లేచి గడ్డం గీసుకున్నాను. మళ్ళీ మందు మొదలైంది.

డాక్టర్ నడవమన్నాక, నేను నాటిన ఖర్జూర మొక్కల వరసలోనే నడిచాను. మొదటి రోజు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏడు మొక్కల దాకా వెళ్ళి వచ్చి చెమటలు కక్కుతూ కూర్చున్నాను. రోజుకు ఒక మొక్క ఎక్కువ నడవాలని పెట్టుకున్నాను. కొన్ని రోజులు రెండు తగ్గేవి. తగ్గిన రోజు తిట్టుకోవడం మానేశాను, మర్నాడు ఎక్కడ ఆగానో అక్కడి నుంచి పట్టుకునేవాణ్ణి. పోశెట్టి మామ కర్ర పట్టుకుని వెనకాలే వచ్చేవాడు. ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆగస్టు చివరికి నేను వరస చివరన ఉన్న నలభయ్యో మొక్కను చేత్తో ముట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన పదిహేనో మొక్క దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆయనకు జబ్బు తగ్గింది, రక్తంలో ఏమీ లేదన్నారు. కానీ తుంటి కుదురుకోలేదు. బోరు దగ్గర మెట్లు ఎక్కి దిగడం, పైపులు ఎత్తడం ఇక కుదరదు. ఎవరూ పంపలేదు, తానే వెళ్ళిపోతానన్నాడు. ఎయిర్‌పోర్టులో ఆయన సంచి నేను మోశాను. పాస్‌పోర్ట్ చూసుకుని, జేబులో పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తెల్వక పెట్టినవ్ పెరుగు. గదానికి నిన్నేమనను. కడుపునిండ తిన్న. తెలిసినంక నోరు మూసుకున్నవ్. గది మాత్రం నేను మరువనురా అల్లుడా" అన్నాడు. అన్నాక కూడా చెయ్యి తియ్యలేదు. పిలుపు వచ్చేదాకా అలాగే నిలబడ్డాం.

ఇప్పుడు నేను అదే మజ్రాలో ఉన్నాను. బరువులు ఎత్తను, పివట్ వాల్వులు, డ్రిప్ పైపులు చూసుకుంటాను. పోశెట్టి మామ చేసే పనిలో సగం నాకు వచ్చింది. ఆరు నెలలకోసారి టైటర్ చూపించుకుంటాను, రిపోర్టులు బాగున్నాయి. పోయిన సెలవుకు ఇంటికి నడిచే వెళ్ళాను. సుజాత ఎయిర్‌పోర్టులో నన్ను ఎదురుగా రానివ్వకుండా, దూరంలోనే ఆపి, అటూ ఇటూ రెండుసార్లు నడిపించి చూసి గానీ దగ్గరికి రాలేదు. శుక్రవారాలు పోశెట్టి మామకు ఫోన్ చేస్తాను. ఎత్తుతాడు. మొక్కలు ఎలా ఉన్నాయని అడుగుతాడు.

పాలు కాచుకోండి, మందులు చివరి మాత్ర దాకా వేసుకోండి అని మీకు డాక్టర్లే చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఒకే గిన్నెలో తినేచోట, ఒకే గదిలో ఉండేచోట మీకు జబ్బు వచ్చి, ఇంకెవరు తిన్నారు, ఇంకెవరు ఉన్నారు అని డాక్టర్ అడిగితే, ఆ కుర్చీలోంచి లేవకముందే పేర్లు చెప్పెయ్యండి. సిగ్గయినా చెప్పండి, ఉద్యోగం పోతుందనిపించినా చెప్పండి. నాకు ఆ ఒక్క పేరు చెప్పడానికి రెండున్నర నెలలు పట్టింది. నేను బాగయ్యాను. ఆయన కుంటుతున్నాడు.